ఎవరి మాస్కు వాళ్ళే

గ్యాస్ తాతయ్య అంటే ఆ ఆసుపత్రిలో తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ గదులకు సిలిండర్లు మోసిన మనిషి. చదువు అంతంత మాత్రం, నోరు మాత్రం ఊరంత. కూతురు అదే ఆసుపత్రికి మత్తు డాక్టరుగా వచ్చిన రోజున, నలుగురి ముందూ ఆమెకు మొదటి పాఠం ఆయనే చెప్పాడు.

“ఒసేయ్ డాక్టరమ్మా, మీ పుస్తకాల్లో ఏముందో నాకు తెలీదు గానీ, ఇదొక్కటి గుర్తుపెట్టుకో. నొప్పికి గ్యాసు పీల్చేటప్పుడు ఎవరి మాస్కు వాళ్ళే పట్టుకోవాలి. మత్తు ఎక్కువైతే వేళ్ళు వాటంతటవే వదిలేస్తాయి, మాస్కు జారుతుంది, మనిషి బతికిపోతాడు. జాలిపడి నువ్వు పట్టుకున్నావో, కాపలావాణ్ణి ఇంటికి పంపించేసినట్టే!”

ఆ మాటను ఆమె ఒంటబట్టించుకుంది. జూనియర్లకు పదే పదే చెప్పి వాళ్ళ చెవులకు చిల్లులు పొడిచింది.

అలాంటి నాన్న ఇప్పుడు అక్కడే మంచంలో ఉన్నాడు. నెలల జబ్బుతో మనిషి సగమయ్యాడు. పడుకుని పడుకుని తుంటి మీద అరచేయంత పుండు. రోజూ పొద్దున పదింటికి డ్రెస్సింగు. నొప్పి ఇంజెక్షను పెంచితే ఉన్న కాస్త ఊపిరీ నిలిచిపోయేలా ఉంది. అందుకే గ్యాసు.

మొదటి రోజు ఆయన నవ్వాడు. “ఇన్నాళ్ళూ వడ్డించాను, ఇవాళ రుచి చూస్తున్నా. ఇంతకీ ఈ గాలి నొప్పినెలా ఆపుతుందే? ముప్ఫై ఏళ్ళు మోశాను గానీ ఎవర్నీ అడగలేదు.”

“గాలి మెదడుకి చేరుతుంది నాన్నా. మెదడు వెన్నుపాముకి కబురు పంపుతుంది. అక్కడ గ్రాహకాలని ఉంటాయి, కబురందుకునే గుమ్మాలనుకో. అవి కబురందుకోగానే పుండు నుంచి పైకొచ్చే నొప్పి వెన్నులోనే ఆగిపోతుంది.”

“ఎంతసేపట్లో?”

“ఓ నిమిషం ఆగకుండా పీల్చాలి.”

“నిమిషమేగా! అదెంతలే.”

ఆరో రోజు వచ్చేసరికి ఆ నిమిషమే కొండంతైంది. రెండుసార్లు పీల్చాడో లేదో, మాస్కుతో సహా చెయ్యి పక్కమీద వాలిపోయింది. మత్తు వల్ల కాదు, నీరసం వల్ల. వేళ్ళు మాస్కును గట్టిగానే పట్టుకున్నాయి, చేతినే ఆయన ఎత్తి ఉంచలేకపోయాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ వాలిపోయింది. అప్పటికే నర్సు పాత కట్టు విప్పేసింది.

ఆయన కూతురి వైపు చూశాడు. “కాస్త నువ్వు పట్టుకోవే, తల్లీ.”

ఆమె చెయ్యి ముందుకు వచ్చి ఆగిపోయింది. “వద్దు నాన్నా. నువ్వే చెప్పావుగా.”

“అవునవును, నేనే చెప్పాను,” అంటూ ఆయన పెదవి కొరుక్కున్నాడు.

నర్సు పావుగంట శుభ్రం చేసింది. జన్మలో గొంతెత్తి ఏడవని మనిషి ఆ పావుగంటా అరిచాడు. పక్కనే నిలబడి ఆమె అంతా విన్నది. రూలంటే రూలే అనుకుంది. రేపు పెద్ద డాక్టరునడిగి ఏదో ఒకటి చెయ్యాలనుకుంది.

ఆ రేపు పది గంటల దాకా రాలేదు. తెల్లారుతూనే ఆయన వెళ్ళిపోయాడు.

పదిహేను రోజుల తర్వాత ఆమె డ్యూటీలో చేరింది. అదే గదిలో ఓ ముసలమ్మకు కాలి పుండు, అదే గ్యాసు, అలాగే వాలిపోతున్న చెయ్యి. డాక్టరు అలవాటుగా అంది: “మాస్కు పేషెంటే పట్టుకోవాలి. ఎవరూ ముట్టుకోకూడదు.”

“ముట్టుకోనులెండి డాక్టరుగారూ,” అంటూ ముసలమ్మ కూతురు మంచం పక్కన చతికిలబడి, తల్లి మోచేతి కింద తన అరచెయ్యి పెట్టింది. అంతే! మాస్కు పట్టుకున్నవి ముసలమ్మ వేళ్ళే. అవి వదిలేస్తే మాస్కు జారిపోవడమూ ఖాయమే. రూలుకి వెంట్రుకవాసి భంగం లేదు. నిమిషం గడిచింది. నర్సు కట్టు విప్పుతుంటే ముసలమ్మ కిసుక్కున నవ్వింది.

ఆ పని పూర్తయ్యేదాకా డాక్టరు ఎలా నిలబడిందో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత సిలిండర్ల గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, నేలమీద కూలబడింది.

“మాస్కు పట్టుకోవద్దన్నావు నాన్నా,” అంది వెక్కుతూ. “మోచెయ్యి పట్టుకోవద్దని ఎప్పుడన్నావు? ఆ రోజు నీ వేళ్ళలో ఇంకా బలముంది. నేను చూశాను.”