ఇరవై బారల లోతు

నేను ఒక సముద్రపు స్పాంజిని. సరిగ్గా చెప్పాలంటే, మాంసమంతా పోయి పీచు మాత్రం మిగిలిన గోధుమరంగు ముద్దను. నాకు మెదడు లేదు, నరాలు లేవు, నోరు కూడా లేదు. అలాంటిది ఆత్మకథ ఎలా చెబుతోందని హేతుబద్ధంగా ఆలోచించేవారు అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. ఆ మూడూ ఉన్నవారు చెప్పవలసిన సమయంలో చెప్పలేదు. అందుకని నేను చెబుతున్నాను.

విశాఖ తీరానికి దూరంగా, నీట మునిగిన ఒక రాతిగుట్ట మొదట్లో పుట్టాను. ఒంటినిండా రంధ్రాలు. నీటిని లోపలికి పీల్చడం, అందులోని సూక్ష్మజీవులను తినడం, మిగతాది బయటికి వదలడం, ఇదే నా బతుకు. నేనున్న లోతు ముప్పై ఆరు మీటర్లు. పాఠకులు దయచేసి ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి.

నన్ను పైకి తెచ్చినవాడు ఎల్లాజీ అనే జాలారి. ఒక సముద్ర పరిశోధన సంస్థ అతణ్ణి ఆరు నెలలపాటు కూలికి పెట్టుకుంది. పడవలోని యంత్రం గాలి పంపుతుంటే, గొట్టం నోట కరుచుకుని దిగి, స్పాంజీలు కోసుకురావాలి. మొదటిరోజు దిగబోయే ముందు అతను సీసపు గుండు కట్టిన తాడును అడుగుకు వదిలి, తిరిగి లాగుతూ, రెండు చేతులూ చాచి కొలిచాడు. వాళ్ల తాతల నాటి పద్ధతి అది. చాచిన చేతుల వెడల్పు ఒక బార.

వివరాలు రాసుకోవలసిన పరిశోధక విద్యార్థిని మైథిలి ఆ కొలత చూడలేదు. పడవకు రెండోవైపు వంగి వాంతి చేసుకుంటోంది. కాసేపటికి మూతి తుడుచుకుని, అచ్చు కాగితం తీసింది.

“ఎంత లోతు, ఎల్లాజీ గారూ?”

“ఇరవై, మేడమ్ గోరూ. ముందల మీరు నిమ్మకాయ వాసన సూడండి. లోతు ఎక్కడికీ పోదు.”

కాగితంలో ‘మీటర్లు’ అని ముందే అచ్చయి ఉంది. ఆమె పక్కన ఇరవై వేసింది.

ఆ అంకెతోనే పరిశోధనకు పెద్ద అయిన డాక్టర్ సదాశివం, ఏ లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పే పట్టిక తిరగేశారు. ఇరవై మీటర్ల దగ్గర నలభై నిమిషాలు ఉండి నేరుగా పైకి రావచ్చు. ముప్పై ఆరు దగ్గర పదిహేను నిమిషాలు దాటితే, మధ్యలో ఆగి ఆగి రావాలి. లేకపోతే ఒత్తిడికి రక్తంలో కరిగిన నత్రజని, మూత తీసిన సోడాలా బుడగలు కడుతుంది. ఆ బుడగలు ఎముకకు రక్తం అందకుండా చేస్తాయి. ఎముక లోలోపల చస్తుంది.

ఎల్లాజీ రోజూ నలభై నిమిషాలు ఉన్నాడు. నన్ను కోసినప్పుడు మొదలు వదిలిపెట్టాడు, మళ్లీ మొలవాలని. మనుషుల్లో అలా కోసేవారు ఉంటారని అప్పుడే తెలిసింది.

రెండో నెలలోనే అతనికి కీళ్లు పట్టేశాయి. భార్య కాసులమ్మ నూనె రాసి, దండచేతికి తాయెత్తు కట్టింది. సదాశివం గారు తాయెత్తును చూసి నవ్వారు. “పట్టిక ప్రకారమే దిగుతున్నావు, ఏమీ కాదు” అన్నారు. పట్టికలో తప్పు లేదు. తప్పు అందులో వేసిన అంకెది. అంకెను సరిచూసుకోనివాడి చేతిలో పట్టికకూ తాయెత్తుకూ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఇక ప్రయోగశాలలో నా మాంసాన్ని కుళ్లబెట్టి కడిగారు, ఆమ్లంలో నానబెట్టారు. మిగిలిన పీచుమీద ఎముక కణాలను వేస్తే, పందిరికి తీగ పాకినట్టు పాకాయి. నాలో ఒక ముక్కను కుందేలు తొడ ఎముకలో పెడితే విరిగినచోట కొత్త ఎముక పుట్టింది. సదాశివం గారి వ్యాసం అచ్చయింది. అందులో మరో ఘనత కూడా ఉంది. ముప్పై మీటర్లకు మించిన లోతులోనే దొరికే నా జాతిని, ఇరవై మీటర్ల దగ్గర తొలిసారి కనుగొన్నారట! అభినందన సభలో నన్ను పళ్లెంలో పెట్టి చూపారు.

అదే ఏడాది ఎల్లాజీ కుంటడం మొదలుపెట్టాడు. తుంటి ఎముక గుండు చచ్చిపోయిందని, కీలు మార్చాలని వైద్యులు తేల్చారు. పనిలో దెబ్బతిన్నవారికి సంస్థే వైద్యం చేయించాలన్నది నియమం. అర్జీ పెట్టాడు. విచారణకు నియమితులైనది సదాశివం గారే. ‘ఇరవై మీటర్లు, నలభై నిమిషాలు. ఈ జబ్బుకు మా పని కారణం కాదు’ అని రాశారు.

భార్యాభర్తలు ప్రయోగశాలకు వచ్చారు. నేను బల్లమీదే ఉన్నాను.

“ఈయన తెచ్చిన పీసుతో కుందేలు కాలు బాగుసేసినారంట గదా బావూ,” అంది కాసులమ్మ. “మా ఆయన కుందేలు కంటే లోకువా?”

మైథిలి తల వంచుకునే అడిగింది. “మీరు దిగింది ఇరవై మీటర్లే కదండీ?”

“మీటర్లేటమ్మా? బారలు.” ఎల్లాజీ చేతికర్రను బల్లకు ఆనించి, రెండు చేతులూ చాచాడు.

మైథిలి టేపు తెచ్చి ఈ చివరినుంచి ఆ చివరికి పట్టింది. నూట ఎనభై సెంటీమీటర్లు. ఇరవైతో హెచ్చవేయడానికి ఆమెకు కాగితం అవసరం లేకపోయింది.

“నోటిమాటకు రికార్డును దిద్దుతామా?” అన్నారు సదాశివం గారు. గొంతు మాత్రం తగ్గింది. దిద్దితే వ్యాసం వెనక్కి తీసుకోవాలని ఆయనకు ఆ క్షణంలోనే తెలుసు.

“పడవ నాదే, తాడు నాదే. రండి బావూ, దింపి సూద్దాం. అబద్దమైతే నన్నక్కడే ఒగ్గీయండి.”

ఆయన వెళ్లలేదు. ఒక తాడు, ఒక పూట, అంతే. పరిశీలనే ప్రమాణమని జీవితమంతా పాఠం చెప్పిన మనిషికి ఆ పూట దొరకలేదు.

మైథిలి ఆ సాయంత్రం కాగితంలో ‘మీటర్లు’ పక్కన పెన్సిలుతో ‘బారలు’ అని రాసింది. మూడోనాడు ఆమె సిద్ధాంత గ్రంథంపై సదాశివం గారు సంతకం చేయాలి. ఆ ఉదయం వచ్చి తనే చెరిపేసింది. రబ్బరు పొట్టు నా రంధ్రాల్లో పడింది. ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నేను సంస్థ ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ‘మానవాళికి సముద్రుడి కానుక’ అని కాగితం అంటించి, కింద ‘లోతు: ఇరవై మీటర్లు’ అనీ, సేకరించినవారి పేరూ వేశారు. అది సదాశివం గారి పేరు. మొన్న సందర్శకుల దినాన ఎల్లాజీ వచ్చాడు. రెండో తుంటి కూడా పోయింది, రెండు చంకల్లో కర్రలు. పెట్టె ముందు కొందరు కాలేజీ విద్యార్థులు నిలబడి కాగితం చదువుతున్నారు.

“ఇరవై మీటర్లు కాదు బావూ. ఇరవై బారలు,” అన్నాడు.

“బార అంటే?” అని ఒకమ్మాయి అడిగింది.

చూపించబోయాడు. కుడిచేయి కర్రను వదిలింది, చాచుకుంది. ఎడమచేయి కదిలితే మనిషి పడిపోతాడు. కాసేపు అలాగే, సగం బారతో నిలబడ్డాడు.

“అద్దం ముట్టుకోకు,” అన్నాడు కాపలాదారు.