గెనుసుగడ్డల సంచిలో తొలిక

నేను ఒక తొలికను. చేనులో గొంతుకూర్చుని కలుపు తీసే చిన్న ఇనుప పనిముట్టును. అరచేయంత రేకు, దానికొక తుమ్మకర్ర పిడి, అంతే నా ఒళ్లు. మీ ఇంట్లో నాలాంటిది ఉంటే పిల్లలకు అందకుండా పెట్టండి. తెగాక ఏడిస్తే ఏం లాభం?

విరిగిన లారీ కమాను పట్టీలోంచి పుట్టాను. సిద్ధవటం దగ్గర ఒక పల్లెలో కమ్మరి నన్ను ఎర్రగా కాల్చి, బాది, నీళ్లలో ముంచి, మళ్లీ బాది, "ఇప్పుడు పనికొస్తాది" అన్నాడు. మనుషులు కొందరు పిల్లల్ని కూడా ఇలాగే పెంచుతారని తర్వాత తెలిసింది. మొదట నన్ను కొన్నది సుబ్బక్క అనే ముసలామె. ఆమె చూపు మందగించాక కోడలు ఓబుళమ్మ చేతికి వచ్చాను.

ఓబుళమ్మ భయపడని సంగతి లోకంలో లేదు. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటుంది. కూతురు ఫోను ఎత్తకపోతే ఏదో అయిందనుకుంటుంది. ఎత్తితే, గొంతు మారిందేమని అడుగుతుంది. నవ్వేవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. చేతిలో ఉన్నదాన్ని, ఆ చెమట నాకు తెలుసు.

కూతురు వేదవతి డిగ్రీలో మొక్కల చదువు చదివేది. వానాకాలంలో కాలేజీ పిల్లలు కొండల్లో తిరిగి అడవిపూలు చూసి, గుర్తుపట్టి, పేర్లు రాసుకోవాలన్నారు.

"పూలు చూసేదానికి కొండెక్కల్నా? మన చేని గట్టున లేవా?" అంది ఓబుళమ్మ.

"ఉండాయి మా. వాటి పేర్లు చెప్పు చూద్దాం."

"పేరు తెలిస్తే అన్నం పెడ్తాదా అది?"

"మార్కులు పెడ్తాది లే."

ఆపలేనని తెలిశాక ఓబుళమ్మ సంచి సర్దింది. పాముకు భయపడి టార్చిలైటు, జారిపడతారని నూలుతాడు, జ్వరం మాత్రలు, విరేచనాల మాత్రలు. ఆకలికి సొమ్మసిల్లుతారేమోనని అడుగున పచ్చి గెనుసుగడ్డలు, అదే చిలగడదుంపలు, పోసింది. "కాల్చుకుని తినండి. బయటి తిండి మాత్రం ముట్టద్దు" అని బస్సు కదిలేదాకా చెప్పింది. మొక్కలు తవ్వడానికి కావాలని వేదవతి నన్నూ అందులోనే వేసుకుంది.

కొండ మీద నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ కలుపని నరికిన వాటి ముందు ఈ ఆడపిల్లలు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో రేకూ లెక్కపెట్టి, పేరు అడుగుతున్నారు. నీలంగా కంటిపాపంత ఉండేది విష్ణుక్రాంతమట. ముళ్లతో నా యజమానురాలి కాళ్లు చీల్చిన పల్లేరుకు పసుపుపచ్చని ముద్దొచ్చే పువ్వుందట. నేనెప్పుడు చూశాను! నాకు కనబడ్డది వేరు ఒక్కటే.

"పువ్వు ఒక్కటే తెంపుకొస్తే తలకాయ తెచ్చినట్టు. వేరుతో, గడ్డతో తవ్వండి" అనేది వాళ్ల మేడమ్ సుగుణ.

మధ్యాహ్నం దాటాక ఒక బండ పక్కన అది కనిపించింది. రేకులన్నీ పైకి విరుచుకుని, కింద పసుపు, కొసన ఎరుపు, అచ్చం మంట. పిల్లలు "అబ్బా" అన్నారు.

"అడవినాభి," అంది మేడమ్. "చూసేదానికే ఇది. గడ్డలో విషం ఉంటుంది, మనిషి బతకడు. జాగ్రత్తగా తియ్యండి."

వేదవతి నాతోనే తవ్వింది. రెండు పాయలుగా చీలిన గడ్డ, వేలి లావున, మట్టిరంగులో. కాగితాల మధ్య పెట్టి అదిమితే అంత లావుగడ్డ ఇమడదు. అందుకని గడ్డ కోసి, దారంతో చీటీ కట్టి వేరే కవరులో పెట్టాలి, వాళ్ల పద్ధతి అది. కోసింది. పాయలు రెండూ ఊడి వచ్చాయి. చీటీ కట్టేలోపు వాన విరుచుకుపడింది. కవర్లు మేడమ్ దగ్గర, మేడమ్ ముందెక్కడో. చేతిలోవి భుజాన ఉన్న సంచిలో వేసుకుని పరుగెత్తింది.

నా పక్కనే పడ్డాయి. ఆ పక్కన గెనుసుగడ్డలు. తడికి అన్నిటికీ ఒకే మట్టి అంటుకుంది. ఇనుముకు నోరిచ్చిన దేవుడు లేడు.

సాయంత్రం, రాత్రి బసకు ఇచ్చిన రేకుల షెడ్డులో మంట వేశారు. వేదవతి తడిబట్టలు మార్చుకుంటుంటే, స్నేహితురాలు షాహీనా సంచి తెచ్చి, నన్నూ, టార్చినీ, తాడునీ, మాత్రల్నీ పక్కకు తీసి, అడుగున ఉన్న గడ్డలన్నీ నిప్పుల్లో కుమ్మరించింది. ఆకలి అలాంటిది. మసిలో అన్నీ ఒకలాగే నల్లబడ్డాయి.

సన్నవాటిలో ఒకటి బొగ్గయింది, రెండోది వేదవతి చేతికి వచ్చింది. సంచిలో తను వేసినవి ఆమె వాన పరుగులోనే మరిచిపోయింది.

"ఇది చేదుగా ఉండాదే!"

"మాడిన చేదు లే, తిను. పారేస్తే మీయమ్మ ఇంటికాడ కూర్చోనే పసిగడ్తాది," అంది షాహీనా. అందరూ నవ్వారు. అమ్మ పంపింది కదా అని వేదవతి ముక్క కూడా వదలకుండా తింది.

తెల్లవారేసరికి వాంతులు. తడిసిందన్నారు, నీళ్లు పడలేదన్నారు. ఓబుళమ్మ సర్దిన మాత్రలే వేశారు. మధ్యాహ్నానికి మనిషి నిలబడలేకపోతే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు, సంచిలో నేనూ వెళ్లాను. ఓబుళమ్మ వచ్చేసరికి కూతురికి సెలైను ఎక్కుతోంది. వరండాలో మేడమ్ మొక్కలు అదిమిన తడి కాగితాలు ఆరేస్తూ మంటపువ్వు దగ్గర ఆగింది. కాడ కింద కోసి ఉంది.

"దీని గడ్డ ఏది?"

షాహీనా చూపు గెనుసుగడ్డల సంచి మీద పడింది. అది చూసి మేడమ్ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. తిన్న వెంటనే వచ్చి ఉంటే కడుపు కడిగేవాళ్లమని, ఇప్పుడు ఒళ్లంతా పాకిందని, దీనికి విరుగుడు లేదని ఆయన చెప్పాడు. రెండు రోజులు పోరాడి వేదవతి పోయింది.

"మీ గెనుసుగడ్డల వల్ల కాదమ్మా," అంది మేడమ్.

"అవి పంపకపోయింటే మంటేసేవాళ్లు కాదు గదా," అంది ఓబుళమ్మ.

మళ్లీ వానలు పడ్డాయి. ఓబుళమ్మ నన్ను తీసుకుని చేనికి పోలేదు. కంచెల వెంట, వాగుల వెంట, కొండవాలున తిరిగింది. లోకంలో ఉన్న పూలన్నిటిలో ఒక్కదాన్నే గుర్తుపట్టడం నేర్చుకుంది. దూరం నుంచి ఆ ఎరుపు కనబడితే చాలు, పోయి కూర్చునేది. పువ్వు తెంపేది కాదు. నన్ను నేలలో గుచ్చి, గడ్డను నరికి నరికి, అక్కడే వదిలి లేచేది.

నరికిన చోటల్లా రెండేసి మొలకలు లేచాయి.

షాహీనా ఒక ఉదయం వెతుక్కుంటూ వచ్చింది. కాసేపు చూసి, పక్కన కూర్చుని, ఒక గడ్డను చేత్తో పెకలించి పట్టుకుంది.

"నరకద్దు పెద్దమ్మా. ఈ కొస ఉండాదే, ఇది అంటిన ప్రతి ముక్కా మొలుస్తాది."

ఓబుళమ్మ ఆగింది.

"సంచి కుమ్మరించింది నేను," అంది ఆ పిల్ల. "చేదంటే తినమన్నింది నేను. ఆ పొద్దు చెప్పలేకపోతి."

ఓబుళమ్మ నన్ను పైకెత్తింది. కొడుతుందనుకున్నాను. ఆమె చూపు పిల్ల ముఖం మీద లేదు, చేతుల మీద ఉంది. మట్టిచేతులు. ఒక చేత్తో అప్పటికే ముక్కు తుడుచుకుంటోంది.

"ఆ చేయి మూతికి పెట్టద్దు!" అని అరిచింది ఓబుళమ్మ. నన్ను కిందపడేసి, పిల్ల రెక్క పట్టుకుని వాగు దగ్గరికి ఈడ్చుకుపోయింది. "గోళ్లల్లో ఉంటాది. రుద్దు. ఇంకోసారి రుద్దు. మీయమ్మకు నువ్వు ఎంతమందివి?"

షాహీనా ఏడుపు వినబడింది. ఇంకో ఏడుపు కూడా వినబడింది.

ఇద్దరూ అటునుంచి అటే వెళ్లిపోయారు. నా కోసం ఎవరూ తిరిగి రాలేదు, రావద్దు కూడా. నా రేకు తుప్పు పట్టింది. పిడికి ఒక తీగ అల్లుకుంది. దాని ఆకుల కొసలే వేళ్లలా చుట్టుకుంటాయి. నిన్న మొగ్గ విచ్చింది, అచ్చం అదే మంట. దారి ఇక్కడికి దగ్గర. సెలవులకు పిల్లలు వస్తుంటారు.

చాలా అందంగా ఉంది పువ్వు. నా భయమంతా అదే.