చెల్లి పట్టి ఉంచిన సీటు

మా కాలేజీలో క్లాసుకు సీటు పట్టుకోవాలంటే ఒక వరుస ఉంది. సోమవారం ఎనిమిదింటికి ఆఖరి సంవత్సరం వాళ్లు, మంగళవారం మూడో సంవత్సరం, బుధవారం మిగతా పిల్లలు. వాళ్లంతా తిని లేచాక, గురువారం పదింటికి మేం, అంటే ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లం. లెక్కకు నేను పూర్తి చేసిన క్లాసులు ఆఖరి సంవత్సరం పిల్లలందరికంటే ఎక్కువే. అయినా నా చోటు తోకలోనే. ఈ నియమం రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, జన్మలో ఒక్కరోజు కూడా షిఫ్టు డ్యూటీ చేసి ఉండడు.

నేను ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టి తీస్తాను. పదకొండేళ్లుగా అదే పని. నర్సు కావాలని కాలేజీలో చేరి ఆరేళ్లు కావస్తోంది. ఆరేళ్లలో చదువు పూర్తి కాకపోతే చదివిందంతా చెల్లదు, మళ్లీ మొదటి క్లాసు నుంచి మొదలుపెట్టాలి. నాకు మిగిలింది ఒక్కటే, సూక్ష్మజీవుల ల్యాబ్. ఏడాదికి ఒక్కసారే పెడతారు, ఉన్నవి ఇరవై నాలుగు సీట్లు. ఇన్నేళ్లుగా ఆ సూక్ష్మజీవుల్ని ఉడకబెట్టి చంపుతున్నదాన్ని, వాటి మొహం చూడటానికి ఒక స్టూలు దొరకడం లేదు!

దీనికి మా దగ్గర ఒక కిటుకు ఉంది. ముందు వరుసలో ఉన్న వాళ్లెవరైనా మన కోసం సీటు పట్టి ఉంచుతారు. మన సమయం రాగానే వాళ్లు వదిలేస్తారు, రెప్పపాటులో మనం నొక్కేస్తాం. రెండుసార్లు అలాగే నెగ్గుకొచ్చాను. ఈసారి మా చెల్లినే అడిగాను. అదీ ఇదే కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది, ఆఖరి సంవత్సరం. "అలాగే అక్కా" అంది. సోమవారం ఎనిమిది దాటి రెండు నిమిషాలకల్లా సీటు పట్టేసింది. ఆ మూడు రోజులూ నేను గాల్లో తేలిపోయాను.

గురువారం సగం రోజు సెలవు పెట్టి, పది కావడానికి పది నిమిషాల ముందు ఆఫీసు కౌంటరు దగ్గరికి వెళ్లాను. ఏదైనా తేడా వస్తే అక్కడే తేల్చుకుందామని నా ఆలోచన. కౌంటరు గుమాస్తాకు పిల్లలు పెట్టిన పేరు 'రేపు రండి'. ఆరోజు మాత్రం చెల్లి వదిలే సీటు సంగతి అడగగానే పాపం చెప్పేశాడు.

"వదిలిన సీటు ఇప్పుడు ఎవరు ముందు నొక్కితే వాళ్లకి రాదమ్మా. వెయిటింగ్ లిస్టులో మొదటివాళ్లకి వెళ్లిపోతుంది. ఈ టర్మ్ నుంచే మార్చారు."

"లిస్టులో ఎంతమంది ఉన్నారు సార్?"

"పదకొండు మంది."

"నన్ను కూడా ఎక్కించండి."

"మీ సమయం పదింటికి కదమ్మా. అప్పుడు ఎక్కితే పన్నెండో వారవుతారు."

ముందు చెల్లికి ఫోన్ చేశాను. కంప్యూటర్ గదిలో కూర్చుని, పది కొట్టడం కోసం చూస్తోంది.

"చిట్టీ, వదలకు! వదిలావో, అది వేరేవాళ్లకి పోతుంది."

అది మెల్లగా అంది. "అక్కా, నా ప్రాజెక్టు క్లాసులో ఒక్కటే సీటు మిగిలింది. ఇది వదిలితేనే నేను అందులోకి వెళ్లగలను. రెండూ మంగళవారం పొద్దున్నే, ఒకే టైము."

"ప్రాజెక్టేంటే? అది నువ్వు సోమవారమే తీసుకోలేదా?"

"ఒకే టైములో రెండు ఇవ్వదు కదక్కా. అప్పుడు నలభై సీట్లున్నాయి. నీ పని అయ్యాక చూసుకోవచ్చులే అనుకున్నా."

ఆ ప్రాజెక్టు లేకపోతే దాని డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. చదువు అవగానే చేరమని ఒక పరీక్షల ల్యాబ్ వాళ్లు మాట కూడా ఇచ్చారు.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు అడిగేదానివి కాదు."

అప్పుడే 'వదిలెయ్, నీది పట్టుకో' అని ఉండాల్సింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ దానికి పోతే ఒక ఏడాది, నాకు పోతే ఆరేళ్లు. నా నోటి నుంచి వచ్చింది వేరు. "పది నిమిషాలు ఆగవే, నేను ఏదో ఒకటి చేస్తాను."

"సరే అక్కా" అంది.

మూడో అంతస్తుకు మెట్లన్నీ పరుగెత్తి ఎక్కాను. ల్యాబ్ మేడమ్ మైక్రోస్కోపుల మీద గుడ్డలు తీసి తుడుస్తోంది. రొప్పుతూనే నా గోడు వెళ్లబోసుకున్నాను. సీటు మా చెల్లిదే, దాని బదులు నేను కూర్చుంటాను, ఎవరికీ నష్టం లేదు, ఒక్క సంతకం చాలన్నాను.

"ఎవరి పేరుంటే వాళ్లే కూర్చోవాలి. ఇరవై ఐదో మనిషిని తీసుకుందామన్నా మైక్రోస్కోపు లేదమ్మా. డిపార్ట్‌మెంట్ హెడ్‌ని అడిగి చూడండి" అందావిడ. విసుగేమీ లేదు ఆవిడ గొంతులో. విసుక్కుని ఉంటే కనీసం పోట్లాడేదాన్ని.

హెడ్ మీటింగులో ఉన్నారు. తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఫోన్లోనే వెయిటింగ్ లిస్టులో ఎక్కాను, పన్నెండో నంబరు. పోయినేడు ఈ ల్యాబ్‌లో సీటు వదులుకున్నది ఇద్దరేనట.

పదీ పద్దెనిమిదికి చెల్లి ఫోన్ చేసింది. మోగుతుంటే చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను, ఎత్తలేదు. ఎందుకు చేస్తోందో నాకు తెలుసు. ఎత్తితే వదిలెయ్యమని చెప్పాల్సి వస్తుందని ఎత్తలేదు. దీనికి ఇంకో కారణం చెప్పుకుందామని తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. రెండోసారి మోగింది, ఆగిపోయింది. మూడోసారి చెయ్యలేదు.

పదకొండు దాటాక తలుపు తెరుచుకుంది. హెడ్ నిలబడే విన్నారు.

"గడువు పెంచమని దరఖాస్తు పెట్టుకోవాల్సింది పోయిన టర్మ్‌లోనమ్మా. ఇప్పుడు పెట్టినా క్లాసులు సగం అయ్యాక గానీ జవాబు రాదు."

"సార్, ఆరేళ్లు సార్" అన్నాను. ఏడుస్తున్నానని ఆయన మొహం చూశాకే నాకు తెలిసింది.

"నా చేతుల్లో ఏమీ లేదమ్మా" అని ఆయన గడియారం చూసుకున్నారు.

కంప్యూటర్ గదికి దిగి వచ్చాను. ఉదయం కిటకిటలాడిన గది ఖాళీ అయిపోయింది. కిటికీ పక్కన చెల్లి ఒక్కతే కూర్చుని ఉంది, చెయ్యి మౌస్ మీదే ఉంది. నన్ను చూడగానే లేవబోయి, నా మొహం చూసి మళ్లీ కూర్చుంది.

"అవలేదా అక్కా?"

తల అడ్డంగా ఊపాను. "నీది?"

"పదీ ఇరవైకి పోయింది."

"నాకోసం ఎందుకు ఆగావే? నొక్కేసి ఉండాల్సింది కదా!" అని దాని మీదే అరిచాను. సిగ్గులేని నోరు నాది.

"నువ్వు ఆగమన్నావుగా" అంది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. తెరమీద దాని పేరుకు ఎదురుగా ల్యాబ్ సీటు అలాగే ఉంది. దానికి అక్కర్లేదు, నాకు రాదు.

"అక్కా, ఇప్పుడు వదిలెయ్యనా? లిస్టులో ముందున్న వాళ్లెవరో పొద్దున్నుంచీ ఎదురుచూస్తుంటారు."

వదిలెయ్ అనడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసేశాను. అది మౌస్ మీద వేలు పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, నేను చెప్పేదాకా ఆగింది.