గుంటూరు మంచులో సైకిలు

గుంటూరులో మంచు మోకాళ్లదాకా పేరుకున్నాక సైకిళ్లన్నిటికీ నిద్ర ముంచుకొస్తుంది. చలికి నిద్రపోయేవాటిని చలిలోనే ఉంచాలని పెద్దలు తీర్మానిస్తారు. కోల్డు స్టోరేజీలో మిరప బస్తాలను పక్కకు జరిపి, సైకిళ్లను పడుకోబెట్టి, గోనెపట్టాలు కప్పుతారు.

డ్రిల్లు టీచరు రాహేలు తన సైకిలును ఇవ్వనంటుంది. ఆమె బడిలో ఉండగా ఎవరో వచ్చి దాన్నీ అక్కడికే ఎత్తుకుపోతారు.

ఈ ఉదయం నల్లపాడు నుంచి చెల్లెలు ఎస్తేరు ఫోను చేస్తుంది.

"అక్కా, నొప్పులు మొదలైనయ్. అంబులెన్సు మంచుకి భయపడి రానంటంది. మా ఆయన గుమ్మంలోనే గడ్డకట్టిపోయాడు."

"ఊపిరి పీల్చుకుంటా ఉండు. వస్తన్నా."

కోల్డు స్టోరేజీ తలుపు దగ్గర కాపలాదారు కోటయ్య మీసాల మీది మంచు దులుపుకుంటున్నాడు.

"ఎండొచ్చేదాకా ఏ బండీ ఇవ్వం, టీచరమ్మా."

"ఎండెప్పుడొచ్చుద్ది?"

"బండ్లన్నీ బయటికొచ్చినాక."

"అయితే ముందు ఎవరో ఒకరు తీసకపోవాలిగా."

"ఎవరో ఒకరంటే మనం కాదుగదమ్మా."

"మీరు కాదేమో. నేనే."

ఆమె తలుపు తోసుకుని వెళ్తుంది. లోపల సైకిళ్లు పొగలు కక్కుతూ ఊపిరి వదులుతున్నాయి. రాహేలు తన సైకిలు మీద పట్టా లాగేసి, బడిలో అరిచే గొంతుతోనే "లెగు!" అంటుంది. సైకిలు లేస్తుంది. చక్రాల నిండా కారం అంటుకుని ఉంది.

చక్రం తగిలినచోటల్లా మంచు చుయ్యిమంటుంది. ఆ ఘాటుకు ఇళ్లు తుమ్ముతాయి. బిగుసుకుపోయిన తలుపులు ఫెళ్లున తెరుచుకుంటాయి.

"దిగమ్మా! పడతావ్!" మేడల మీంచి జనం కేకలేస్తారు.

"పడితే లెగుస్తా!"

అరండల్‌పేట మలుపులో మంచు ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని ఈడ్చి పడేస్తుంది. మోచెయ్యి చీరుకుపోతుంది. రాహేలు లేచి, కుచ్చెళ్లు ఎగదోపి, మళ్లీ ఎక్కుతుంది. ఈసారి భయం కూడా వెనక క్యారియర్ మీదికెక్కి కూర్చుంటుంది.

"దిగు. అది మా చెల్లెలు కూచునేది."

భయం దిగి, క్యారియర్ తుడిచి, పక్కకు తప్పుకుంటుంది.

నల్లపాడులో మరిది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. కళ్లు మాత్రమే కదులుతున్నాయి. కారం ఘాటు తగలగానే తుమ్మి, దారి ఇస్తాడు. రాహేలు చెల్లెలిని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుంటుంది.

పెద్దాసుపత్రికి వెళ్లే రోడ్డు, తొక్కేకొద్దీ పొడుగవుతుంది. ఊరు వెనకబడిపోతుంది. పొలాలూ వెనకబడిపోతాయి.

"ఇంకా ఎంత దూరం అక్కా?"

"అది రోడ్డుని అడక్కు. నా కాళ్లనడుగు."

ఎస్తేరు అక్క నడుము గట్టిగా పట్టుకుని ఒక్క కేక పెడుతుంది. బిడ్డ తల్లి ఒడిలో పడుతుంది. ఆడపిల్ల. రాహేలు తొక్కడం ఆపకుండానే స్వెటరు విప్పి వెనక్కి అందిస్తుంది.

"అక్కా, ఏడవట్లేదే!"

"వీపు రుద్దు. రుద్దుతానే ఉండు."

సముద్రం ఎదురొచ్చి రోడ్డు అయిపోతుంది. అలలు మేడలంత ఎత్తున లేచి, లేచినవి లేచినట్టే గడ్డకట్టి ఉన్నాయి. రాహేలు బ్రేకు వెయ్యదు.

అప్పుడు పాప నోరు తెరిచి, సముద్రాన్ని తిడుతున్నట్టు గుక్కపట్టి ఏడుస్తుంది.

మొదటి అల మోకాళ్ల మీద కూర్చుంటుంది. రాహేలు దాని వీపు మీదికి సైకిలు ఎక్కిస్తుంది. అల మెల్లగా లేచి, ఒళ్లు విరుచుకుని, ముగ్గురినీ మోసుకుంటూ ఊళ్లోకి నడవడం మొదలుపెడుతుంది.