మాయని సంచి

అపార్టుమెంటు కింద కొట్టు నడిపే ఆయనకి మనుషుల లెక్క బాగా తెలుసు. ఏ ఇంట్లో చక్కెర ఎప్పుడు నిండుకుంటుందో ఆ ఇంటివాళ్ల కంటే ముందు ఆయనే చెప్పేవాడు. అలాంటివాడి లెక్క ఒక్కచోట తప్పింది. నలభై ఇళ్లవాళ్లు చేతులెత్తి ఒప్పుకున్న మాటని కనీసం ముప్ఫై ఇళ్లవాళ్లు పాటిస్తారనుకున్నాడు.

ఆ మాట సంఘం సమావేశంలో పుట్టింది. ప్లాస్టిక్ భూమిని మింగేస్తోందని అధ్యక్షుడు అరగంట మాట్లాడాడు. మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు, నిజంగానే బాధపడ్డాడు. కొట్లో ఒక్క కవరు కనబడినా, నెలాఖరుకి ముగిసే అద్దె ఒప్పందం మళ్లీ రాసేది లేదని తీర్మానించారు. ఒకే తానులోంచి కుట్టించిన తెల్లసంచులు ఇంటికొకటి పంచారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాటి నుంచి ఆ చప్పట్లు కొట్టిన చేతులే ఖాళీగా వచ్చాయి.

"సంచి మర్చిపోయానన్నా. ఈ ఒక్కసారికి కవరివ్వు."

"నాకూ కొట్టు ఒక్కటేనమ్మా ఉంది."

ఆవిడ నవ్వేసి రోడ్డు దాటింది. అవతల ఆయన తోడల్లుడి కొట్టు. అక్కడ తీర్మానాలు లేవు, కవర్లున్నాయి. పది రోజులకి ఇటు బేరం సగానికి పడిపోయింది. కవరిస్తే కొట్టు ఖాళీ చేయాలి. ఇవ్వకపోతే జనం లేక మూసుకోవాలి. ఎటు చూసినా షట్టరు దిగేదే.

ఆ సాయంత్రం భార్య ఆఫీసు నుంచి నీలం కవరు నిండా ఉల్లిపాయలతో ఇంటికొచ్చింది. ఆయన కవరు వంక చూశాడు.

"మనకి కొట్టుంది. గుర్తుందా?"

"ఉంటే? సంచి లేదని మీరు ఇవ్వరుగా. అయినా అక్కవాళ్ల కొట్టే కదా, పరాయిదా?"

"సంచి ఇచ్చారుగా మనకీ."

"ఇచ్చారు. సంచి ఇంట్లో ఉంటుంది, నేను దారిలో ఉంటాను. అది నా తప్పా?"

ఆయనకి కోపం రావాలి, రాలేదు. భార్యకి చెట్టూ చేమా అంటే ప్రాణం. కుళాయి చుక్క కారినా లేచి కట్టేస్తుంది. ఆవిడ మనసులో లోపం లేదు. సరుకు ఒకచోట, గిరాకీ ఇంకోచోట ఉంది, అంతే. వ్యాపారంలో దీనికి మందు ఏమిటో ఆయనకి తెలుసు. సరుకుని గిరాకీ దగ్గరికి తేవాలి.

మర్నాడు కొట్టు గోడకి నలభై కొక్కేలు దిగ్గొట్టి, ఒక్కో కొక్కెం మీద ఇంటి నంబరు రాశాడు. అందరి సంచులూ అడిగి తెచ్చి తగిలించాడు. పనినుంచి వచ్చేవాళ్లు తమ సంచి తీసుకుని సరుకులు నింపుకుంటారు, పొద్దున దిగేటప్పుడు ఖాళీది తగిలించి పోతారు. వారం తిరక్కుండా జనం రోడ్డు దాటడం మానేశారు.

అయితే ఆ గోడ ఇంకో పని కూడా చేసింది. వాడని సంచి ఎవరిదో అందరికీ చూపించింది. మూడువందల నాలుగు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. అది అధ్యక్షుడి ఇల్లు.

నెలాఖరున ఆయన వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ నంబర్లు బాగోలేవయ్యా. ఎవరి ఇంటి సంగతి వాళ్ల సొంతం. తీసేయ్, ఆదివారం సంతకం పెడతాను."

కొట్టాయన నంబర్లు తీసేశాడు. తీసినా ఇబ్బందేం రాలేదు. అప్పటికి ఎవరి సంచి వాళ్లకి తెలిసిపోయింది. ఒకదానికి నూనె మరక, ఒకదానికి కుట్టు వేసిన పిడి, ఒకదాని మీద పిల్లలు గీసిన ఏనుగు.

ఆదివారం ఒప్పందం కాగితం బల్ల మీద పరిచారు. కొట్లో పదిమంది ఉన్నారు. పదిమందిని చూసేసరికి అధ్యక్షుడికి హుషారొచ్చింది. కలం చేతిలో పట్టుకునే, "ముందు నా సంచి తీసుకోనీ" అని గోడవైపు తిరిగాడు. చెయ్యి ఎత్తాడు. అది గాల్లోనే ఆగిపోయింది.

"నాదేదయ్యా?"

రెండో అంతస్తు పిన్నిగారు తాపీగా అంది. "మడత విప్పనిది ఒకటుంది, చూడండి బాబూ."

ఎవరో దగ్గినట్టు నవ్వారు. అధ్యక్షుడి చెవులు ఎర్రబడ్డాయి. కలం మూత మూసుకుంది.

కొట్టాయన కాగితం వంక చూశాడు, కలం వంక చూశాడు.

"అదేనండీ మీది. రోజూ వాడి మాసిపోయిందని నిన్న మా ఆవిడ ఉతికి ఇస్త్రీ చేసింది. అందుకే పోల్చుకోలేకపోయారు."

అధ్యక్షుడు ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. కలం మూత తీసి మూడు చోట్లా సంతకం పెట్టాడు. తర్వాత, ఇంట్లో బస్తా ఉన్నా సరే, రెండు కిలోల బంగాళాదుంపలు ఆ సంచిలో పోయించుకుని వెళ్లాడు.

జనం పలచబడ్డాక భార్య బల్ల దగ్గరికొచ్చింది. "నేనెప్పుడు ఉతికానండీ? అంత అబద్ధమా?"

"అబద్ధం కాదే, అడ్వాన్సు," అన్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఇక ఆ సంచి మాసేదాకా ఆయన రోజూ రాక తప్పదు."