కాటా ఎక్కిన కారవాన్

మా ఆయన సుబ్బరాజు ఏ పనైనా తలకిందులుగానే మొదలుపెడతారు. ఇల్లు కొన్నాక స్కూలు ఎంత దూరమో చూశారు. సోఫా కొన్నాక తలుపు కొలిచారు. ఈ వేసవిలో ఒక సెకండ్‌హ్యాండ్ కారవాన్ కొని, లండన్ శివారు స్టాన్‌మోర్‌లో మా ఇంటి ముందు నిలబెట్టి, మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ తీరిగ్గా అడిగారు.

"అవునూ సులోచనా, మన కారు దీన్ని లాగుతుందంటావా?"

నాకు ఒళ్ళు మండింది. కానీ నోరు చేసుకోలేకపోయాను. ఆ కారవాన్ కొన్నది నా కోసం.

రెండేళ్ళుగా నేను ఈ ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. నా కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. రోజూ రాత్రి పడుకునే ముందు మంచం పక్కనున్న మెషీన్‌కి నన్ను నేనే తగిలించుకుంటాను. పొట్టలోకి పెట్టిన సన్నటి గొట్టంలోంచి అది మందునీళ్ళు లోపలికి పంపుతుంది, మళ్ళీ బయటికి తీస్తుంది, తెల్లారేదాకా అదే పని. ఆసుపత్రి చుట్టూ తిరగక్కర్లేకుండా ఇంట్లోనే డయాలసిస్, అదృష్టవంతురాలివి అన్నారు అందరూ. అదృష్టమే, కాదనను. మా పడకగది గుమ్మం దాటనంతవరకు.

హోటల్‌కి వెళ్ళొచ్చు కదా అని మీరూ అంటారు. ఒకసారి బయల్దేరాం కూడా. ఎవరెవరో పడుకున్న మంచం మీద గొట్టం విప్పాలని తలుచుకుంటే ధైర్యం చాల్లేదు. కాస్త శుభ్రం తప్పితే చాలు, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో పడతాను. సగం దారిలోంచి కారు వెనక్కి తిప్పించాను. ఆ తర్వాత ఒకరోజు మాటల్లో, "ఒక్కసారి సముద్రం పక్కన నిద్ర లేవాలని ఉందండీ" అన్నాను. ఇదిగో, ఆయన చక్రాల మీద పడకగదే కొనుక్కొచ్చారు. మంచం నాది, దుప్పటి నాది, వంటగది నాది. కారవాన్లు నిలిపే సైట్‌లో కరెంటు ఇస్తారు, మెషీన్ నడుస్తుంది. మా క్లినిక్‌లో నర్సు కూడా హాయిగా వెళ్ళి రమ్మంది. డోర్సెట్‌లో సముద్రం ఒడ్డునే సైట్ బుక్ చేశాం, శుక్రవారం నుంచి మూడు రాత్రులకి.

ఇక తేలవలసింది కారు సంగతే. ఆయన వెంబ్లీలో ఉండే తన స్నేహితుడికి, నేను అన్నయ్యా అని పిలిచే ఆంజనేయప్రసాద్‌కి, ఫోన్ చేశారు. ప్రసాద్ అన్నయ్య చాలా ఏళ్ళుగా సొంత కారవాన్‌లో దేశమంతా తిరుగుతున్న మనిషి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, అంటే తప్పులు పట్టినందుకు జీతమిస్తారు. శనివారం మా ఇంటికొచ్చి, సెలవు రోజున కూడా జీతం తీసుకున్నంత శ్రద్ధగా పట్టారు.

కారు తలుపు దగ్గరున్న బరువుల ప్లేటు చదివారు, కారు పుస్తకం తిరగేశారు, కారవాన్ ప్లేటు మీద టార్చ్ వేసి చూశారు.

"కారు మంచిదేనండి రాజుగారూ. లాగుతుంది. కానీ లాగడం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. వెనక బండి బరువెక్కువైతే దిగుడులో అది కారుని తోసేస్తుంది, గాలి కొడితే అటూ ఇటూ ఊపేస్తుంది. ఈ కారవాన్ సామానుతో సహా పన్నెండు వందల యాభై కిలోలు దాటకూడదని ప్లేటు మీద ఉంది. ఆ లోపు ఉంటే మీ కారుకి ఏ బెంగా లేదు."

"దాటదులెండి. మేం పట్టుకెళ్ళేది ఏముంది?" అన్నారు మా ఆయన.

"అందరూ అదే అంటారు. ఊరెళ్ళేటప్పుడు ఎలా సర్దుతారో అలాగే సర్దండి. మధ్యాహ్నం తూకం వేయిద్దాం."

సర్దాం. ఆయన భాగం ఆయన, నా భాగం నేను. సర్దడం అయ్యాక అన్నయ్య, "ముందు ముక్కు బరువు చూద్దాం. ఇంట్లో కాటా ఉందా, మనుషులు ఎక్కేది?" అన్నారు. కారవాన్ ముందు కొస కారు కొక్కెం మీద ఎంత భారం వేస్తుందో చూడాలట.

కాటా లేకపోవడమేమిటి? మా ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ. రోజూ పొద్దున మెషీన్ విప్పగానే దాని మీద నిలబడతాను. యాభై ఎనిమిది చూపిస్తే బతికాను. యాభై తొమ్మిదిన్నర చూపిస్తే ఒంట్లో నీళ్ళు నిలబడ్డాయని అర్థం, ఇక ఆ రోజంతా గుక్కెడు నీళ్ళకి కూడా లెక్కే. దాన్ని తెచ్చి కారవాన్ ముక్కు కింద పెట్టి, మధ్యలో ఒక కర్రముక్క నిలబెట్టి బరువు దింపారు. డెబ్బై ఐదు దాటకూడదట. తొంభై మూడు చూపించింది. నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల సరదాగానే ఉంది. రోజూ నేను తినే తిట్లు ఇవాళ ఇంకొకరు తింటున్నారు.

లారీలు తూచే వేబ్రిడ్జికి ఇద్దరూ వెళ్ళొచ్చారు. నత్తనడకన తీసుకొచ్చి ఇంటి ముందు ఆపారు. దిగేటప్పుడే మా ఆయన మొహం వాడిపోయి ఉంది.

"పదమూడు వందల నలభై," అన్నారు ప్రసాద్ అన్నయ్య. "తొంభై కిలోలు ఎక్కువ చెల్లెమ్మా."

"కొంచెం కారులోకి మారిస్తే?" అని ఆశగా అడిగారు మా ఆయన.

"రెండూ కలిపి ఇంత దాటకూడదని కారు ప్లేటు మీద ఇంకో అంకె ఉంది. అదీ అంచునే ఉంది. ఈ జేబులోది ఆ జేబులో వేసుకున్నట్టే. ఎక్కడెక్కడ ఏం పెట్టారో చూడనివ్వండి."

అన్నయ్య లోపలికెళ్ళి మంచం కింద సందుక తెరిచారు. "ఈ అట్టపెట్టెలేంటి? ఒక్కొక్కటీ పదకొండు కిలోలుంది. వీటి బరువే ఎక్కువ ఇందులో."

అవి నా మందునీళ్ళ పెట్టెలు. రాత్రికి ఒకటి కావాలి.

ఆ మాట అన్నయ్య మామూలుగానే అన్నారు, పాపం. నాకే గుచ్చుకుంది. రెండేళ్ళుగా మనసులో అనుకుంటూ పైకి అననిది నోట్లోంచి వచ్చేసింది.

"అయితే ఆ బరువు నాదేనన్నమాట."

మా ఆయన కారవాన్ మెట్టు మీద కూలబడ్డారు. కాసేపటికి, "పోనీలే సులోచనా. వద్దులే. దీన్ని అమ్మేద్దాం," అన్నారు. ఆయన గొంతు వింటే ఏడుపొచ్చింది నాకు. నాకు ఏడుపొస్తే ముందు కోపం రూపంలోనే బయటికొస్తుంది.

"అమ్మేస్తారా? నేనింకా ఎక్కనైనా ఎక్కలేదు! లేవండి పక్కకి," అని ఆయన్ని జరిపి నేనే లోపలికెళ్ళాను.

మూడు రాత్రులకి మూడు పెట్టెలు. మంచం కింద మూడూ ఉన్నాయి. రెండో మంచం కింద చూస్తే ఇంకో మూడు. బట్టల అలమరలో రెండు. స్నానాలగదిలో, షవర్ కింద, తువ్వాలు కప్పి రెండు.

"ఏవండీ, మూడు రాత్రులకి పది పెట్టెలా?"

ఆయన బూట్ల వంక చూస్తూ చెప్పారు. "దారిలో కారు ఆగిపోతే? ఏదైనా రోడ్డు మూసేస్తే? ఒక మందునీళ్ళ సంచి చిరిగితే? మొన్న చలికాలం మంచు పడి పెట్టెల లారీ రాలేదు, గుర్తుందా? ఆ రాత్రి నువ్వు ఊపిరాడక దిండుకి చేరబడి కూర్చున్నావు. నేను నీ ఎదురుగా కూర్చున్నాను. నాకింకేం చెయ్యాలో తెలీలేదు."

నాకు ఆ రాత్రి గుర్తుంది. ఆయన ఎలా ఉన్నారో మాత్రం ఇన్నాళ్ళూ అడగలేదు. జబ్బు నాది కదా, ఆయన బాగానే ఉన్నారనుకున్నాను. ఆ పది పెట్టెలూ చూశాక తెలిసింది, ఈయన రెండేళ్ళుగా భయంతోనే నిద్రపోతున్నారని. ఎంత జాలేసిందో చెప్పలేను.

సరిగ్గా అప్పుడే ప్రసాద్ అన్నయ్య సింకు కింద తలుపు తెరిచారు. "ఇదేంటి? బియ్యం బస్తా?"

మా ఆయన తల చటుక్కున లేచింది. "బస్తానా?"

"ఇరవై కిలోలది. దీని వెనక గ్రైండర్ కూడా ఉంది రాజుగారూ. పచ్చడి సీసాలు కూడా ఉన్నాయండోయ్."

"సులోచనా, మూడు రోజులకి ఇరవై కిలోల బియ్యమా! మనిద్దరమేనా వెళ్ళేది, భీమవరం పెళ్ళివారేమైనా వస్తున్నారా?"

"పక్క కారవాన్ వాళ్ళు పలకరిస్తే ఒట్టి నోటితో పంపుతామా? పెసరట్లు వేద్దామని గ్రైండర్ పెట్టుకున్నాను," అన్నాను. అని ఊరుకుందామనుకున్నాను గానీ మాట ఆగలేదు. "మన ఇంటికి ఇప్పుడెవరైనా భోజనానికొస్తున్నారా? పళ్ళు పట్టుకుని చూట్టానికొస్తారు. నేను లేవబోతే కూర్చోబెడతారు. వాళ్ళే వాళ్ళకి టీ పెట్టుకుంటారు. ఒక్కసారి నేను ఎవరికైనా వడ్డించాలి. ఆ పచ్చడి నేనెలాగూ తినకూడదు, తినేవాళ్ళనైనా చూస్తాను."

పాతికేళ్ళు మా ఇంట్లో పొయ్యి ఆరేది కాదు, ఎవరో ఒకరు విస్తరి ముందు ఉండేవారు. ఆయనకి తెలియనిదేం కాదు. లోపలికి వచ్చి నా చేతిలో ఉన్న పెట్టె తీసుకున్నారు.

"ముందు నావి దించుతాను," అన్నారు.

ఏడు పెట్టెలు ఒక్కొక్కటే గరాజ్‌లోకి మోశారు. ఒక్కో పెట్టె దించి చెయ్యి దాని మీదే కాసేపు ఉంచేవారు. తర్వాత నా బియ్యం బస్తా, గ్రైండర్ దిగాయి. రెండు కిలోల బియ్యం డబ్బాలో పోసుకున్నాను. పచ్చళ్ళలో ఒక్క ఆవకాయ సీసా ఉంచి మిగతావి లోపల పెట్టేశాను. మిగిలిన సామాను ప్రసాద్ అన్నయ్య చక్రాల పైకి వచ్చేలా మధ్యకి సర్దించారు. ముక్కు కింద కాటా అరవై తొమ్మిది చూపించింది. మళ్ళీ వేబ్రిడ్జికి వెళ్ళారు. నేను వాకిట్లోనే నిలబడ్డాను, పరీక్ష ఫలితాల రోజు కూడా అంత ఆత్రంగా నిలబడలేదు.

ఈసారి అన్నయ్య కారు దిగకముందే బొటనవేలు ఎత్తి చూపించారు. "ఇంకా పద్దెనిమిది కిలోలు మిగిలాయి చెల్లెమ్మా. ఒక్క వస్తువుకి చోటుంది. ఏదో ఒకటి పెట్టుకోండి, మిగతా ఖాళీ ఖాళీగానే ఉండనివ్వండి."

మా ఆయన గరాజ్‌లోకి వెళ్ళి గ్రైండర్ ఎత్తుకొచ్చారు. "పెసరట్లు వేద్దువుగాని," అన్నారు.

నాకు ఆ ఒక్క మాట చాలు అనిపించింది. గ్రైండర్ ఆయన చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టాను.

"వద్దు. ఒక పెట్టె తెచ్చి పెట్టండి."

"మూడు సరిపోతాయిగా?"

"నాకు సరిపోతాయి. నాలుగోది మీకు. మీరూ నిద్రపోవాలిగా."

ఆయన గబగబా గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. ప్రసాద్ అన్నయ్య టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించారు.

శుక్రవారం బయల్దేరాం. మా ఆయన అంత నెమ్మదిగా కారు నడపడం నేనెప్పుడూ చూడలేదు. డోర్సెట్ చేరాక సైట్‌లో కరెంటు తగిలించి, మెషీన్ వెలిగితే ఇద్దరం దాని ముందు నిలబడి చూశాం. శనివారం పొద్దున సముద్రం హోరు విని కళ్ళు తెరిచాను. కిటికీ పరదా తీస్తే బూడిదరంగు నీళ్ళు, బోలెడన్ని నీళ్ళు, వాటిలో ఒక్క చుక్కకీ నేను లెక్క చెప్పక్కర్లేదు. చాలాసేపు అలాగే చూస్తూ పడుకున్నాను.

పక్క కారవాన్‌లో ఒక ఇంగ్లీషు ముసలి జంట. ఆదివారం వాళ్ళని పిలిచి ఉప్మా చేసి పెట్టాను. ఆ ముసలాయన ఆవకాయ నాకి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ వేయించుకున్నాడు. నా జబ్బు సంగతి వాళ్ళకి తెలీదు. రెండేళ్ళ తర్వాత ఒకరు నా చేతి వంట తిని, ఆరోగ్యం ఎలా ఉందని అడక్కుండా లేచారు. గ్రైండర్ లేకపోయినా లోటేమీ రాలేదు.

సోమవారం పొద్దున కాటా ఎక్కితే యాభై ఎనిమిది. ఇక బయల్దేరాలి కదా అని దుప్పట్లు మడతపెడుతున్నాను. మా ఆయన మంచం కింద నుంచి ఆ నాలుగో పెట్టె లాగి, దాని మీదే కూర్చున్నారు. రెండు రాత్రులుగా గురక పెట్టి నిద్రపోయిన మొహం, తేటగా ఉంది.

"సులోచనా, ఇది వాడనేలేదు."

"అవసరం రాలేదుగా. మంచిదేగా."

"దీన్ని మళ్ళీ అంత దూరం మోసుకెళ్ళడం ఎందుకు? ప్రసాదుగారు బరువు తగ్గించుకోమన్నారు కదా."

ఏమంటున్నారో అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. అర్థమయ్యేసరికి ఆయన లేచి చెప్పుల్లో కాళ్ళు దూరుస్తున్నారు.

"ఆఫీసులో అడిగొస్తాను, ఇంకో రాత్రికి చోటుందేమో," అంటూనే మెట్లు దిగి, గడ్డిలో కుర్రాడిలా పరిగెత్తారు.

ఆయన జవాబుతో తిరిగొచ్చేదాకా నేను ఆగలేదు. మడిచిన దుప్పట్లు మళ్ళీ పరిచేశాను.