తాడు కొస

"పెళ్ళైనా చెయ్యి, హంతకురాలినైనా చెయ్యి. మూడో దారి లేదు గురూ," అన్నాడు ఎడిటర్.

ఆయన బాధంతా నా సీరియల్ నాయిక గురించి. పేరు చేప. నీళ్ళలో మునిగినవాళ్ళని బయటికి తీయడం ఆమె పని. నలభై దాటినా ఎవరి మీదా మనసు పడలేదు. పాఠకులకి అదే మింగుడు పడడం లేదు.

చేప కల్పన కాదు. ఫైర్ స్టేషన్‌లో డైవర్‌గా చేసే మా అక్క. స్టేషన్లో అందరూ పిలిచే పేరు, ఎడమ చెంప మీద మచ్చ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దించేశాను. నాదీ అదే స్టేషన్లో ఉద్యోగం. ఆమె నీళ్ళలోకి దిగినప్పుడు ఒడ్డున తాడు పట్టేది నేనే. ఒక లాగు లాగితే బాగానే ఉన్నా అని. రెండైతే తాడు వదులు. మూడైతే పైకి లాగు. కథలన్నీ నాకు ఆ ఒడ్డునే దొరికాయి.

ఆ సాయంత్రం అక్క బాల్కనీలో రబ్బరు సూటు ఆరేస్తుంటే సంగతి చెప్పాను.

"పెళ్ళా?" పకపకా నవ్వింది. "ఒరేయ్, ఎవరూ దొరక్క కాదురా. నాకు ఆ ఆకలే లేదు. నీక్కూడా విడమరిచి చెప్పాలా?"

"మరేం చెయ్యను?"

"ఏమైనా చేసుకో. నాకు పెళ్ళి మాత్రం చెయ్యకు."

చెయ్యలేదు. హంతకురాలిని చేశాను. తనే ముంచి తనే వెలికితీసేదని ఆఖరి వారం తేల్చాను. "ప్రేమ తెలియని గుండెకి ప్రాణం విలువేం తెలుస్తుంది?" అని ఇన్‌స్పెక్టర్ చేత అనిపించి, ఆ వాక్యానికి నేనే మురిసిపోయాను.

పదిరోజులు తిరక్కుండానే రిజర్వాయర్ రెయిలింగ్ విరగ్గొట్టుకుని ఒక కారు నీళ్ళలో పడింది. నడిపినతను ఈదుకుంటూ వచ్చేశాడు. భార్య లోపలే ఉండిపోయింది. మేం వెళ్ళేసరికి వెనకద్దం ఇంకా నీటిపైనే ఉంది. లోపల్నుంచి ఒక అరచెయ్యి దాన్ని బాదుతోంది.

"చేపా, త్వరగా!" అని అరిచాడు మా డ్రైవర్.

భర్త గిర్రున తిరిగి అక్క చెంప వంక చూశాడు. ఒక్క ఉదుటున అక్క నడుముకి కట్టిన తాడు లాక్కుని చేతులకి చుట్టేసుకున్నాడు.

"నువ్వా? నా భార్యని ముట్టుకోవద్దు! ప్రేమ తెలియని గుండెకి ప్రాణం విలువేం తెలుస్తుంది? వేరేవాళ్ళని పిలవండి!"

నా వాక్యం. అక్షరం పొల్లుపోలేదు.

"అది కథండీ! రాసింది నేనే! పచ్చి అబద్ధం!"

"అబద్ధమైతే మచ్చతో సహా ఎలా రాశావురా?"

మావాళ్ళు ఇద్దరు మీదపడి అతని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసేసరికి అద్దం మునిగిపోయింది.

అక్క దూకింది. చాలాసేపటికి తాడు మూడుసార్లు కదిలింది. లాగాను. అతని భార్యని భుజాన వేసుకుని అక్క పైకొచ్చింది. ఒడ్డున పడుకోబెట్టి ఛాతీ నొక్కుతూనే ఉంది. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేదాకా ఆపలేదు.

"అతను తాడు ఎంతసేపు పట్టుకున్నాడు?" అంది, నా వైపు చూడకుండా.

"నాలుగు నిమిషాలు."

లేచి తడి తాడుని మోచేతికి చుట్టడం మొదలుపెట్టింది. అలవాటుగా కొస కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"నాకు పెళ్ళి చేసినా నవ్వి ఊరుకునేదాన్నిరా," అంది.

తాడు కొస తీసుకెళ్ళి డ్రైవర్ చేతిలో పెట్టింది.